బూస్ట్ పెంచే ముందు వోల్టేజ్ చూడండి

ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లో ఓబీడీ డాంగిల్ కోసం వెతికి చూడండి. పక్కనే ట్యూనింగ్ బాక్సులు కూడా కనిపిస్తాయి. ఇంజిన్ సెన్సర్ దగ్గర వైరు తీసి మధ్యలో ఈ బాక్స్ తగిలిస్తే చాలు, టర్బో కారు పికప్ పెరిగిపోతుందని యాడ్. పవర్ బ్యాంక్, డాష్‌క్యామ్ కొన్నంత ఈజీగా దీన్నీ కార్ట్‌లో పడేస్తున్నారు. మన సైట్ చదివేవాళ్లలో చాలామందికి ఇప్పుడు టర్బో పెట్రోల్ కారే ఉంది. అందుకే ఫోన్ల మధ్యలో ఈసారి దీని గురించి రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఆ బాక్స్ కొనొద్దు. ఆ డబ్బులో చిన్న భాగంతో ఒక మల్టీమీటర్, ఒక మంచి ఓబీడీ డాంగిల్ కొనండి. బూస్ట్ పెంచడం తప్పని నేను అనట్లేదు. ఉన్న సప్లై ఎలా ఉందో కొలవకుండా పెంచడం తప్పంటున్నా. ఈ మాట ఇంజిన్‌కే కాదు, మీ ఇంట్లో వైఫై రూటర్‌కి కూడా వర్తిస్తుంది. అందుకే ముందు రూటర్ దగ్గర మొదలుపెడదాం.

12 అని రాసి ఉంటే 12 వస్తోందని కాదు

రూటర్ రోజుకి నాలుగుసార్లు రీస్టార్ట్ అవుతోంది అనుకోండి. మనం ముందు ఇంటర్నెట్ కంపెనీని తిడతాం. తర్వాత ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తాం. చివరికి కొత్త రూటర్ కొంటాం. మధ్యలో ఎవ్వరం అడాప్టర్‌ని చూడం.

ఒకవేళ చూసినా, అడాప్టర్ పిన్ను దగ్గర మల్టీమీటర్ పెడితే 12.1 వోల్టులు చూపిస్తుంది. "అడాప్టర్ బానే ఉంది" అని పక్కన పెట్టేస్తాం. ఇక్కడే అసలు పొరపాటు. లోడ్ లేనప్పుడు దాదాపు ఏ అడాప్టరైనా బానే కనిపిస్తుంది. లోపల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఎండిపోయిన అడాప్టర్, రూటర్ కరెంట్ లాగడం మొదలుపెట్టగానే 10 వోల్టులకో ఇంకా కిందికో జారిపోతుంది. కాబట్టి కొలత ఎప్పుడూ లోడ్ మీదే తీసుకోవాలి. ఒక డీసీ జాక్ వై-కేబుల్ తీసుకుని ఒక కొన రూటర్‌కి, ఇంకో కొన మీటర్‌కి ఇవ్వండి. రూటర్ బూట్ అవుతున్నంతసేపూ అంకె చూడండి. నిజం అప్పుడు బయటపడుతుంది.

ఫోన్ ఛార్జింగ్ కేబుల్‌ది కూడా ఇదే కథ. 28 గేజ్ రాగి తీగకి మీటరుకి సుమారు 0.213 ఓమ్ రెసిస్టెన్స్ ఉంటుంది. కరెంట్ వెళ్లి తిరిగి రావాలి కాబట్టి మీటరు పొడవు కేబుల్‌లో 0.426 ఓమ్. 2 యాంపియర్లు లాగితే 0.85 వోల్టు తీగలోనే పోతుంది. ఛార్జర్ దగ్గర 5 ఉన్నా ఫోన్ దగ్గర 4.15 మాత్రమే. అదే 24 గేజ్ తీగ అయితే పోయేది 0.34 వోల్టు. ఛార్జర్ మార్చినా స్లోగానే ఎక్కుతోందంటే చాలాసార్లు దొంగ ఆ కేబులే. రాస్‌ప్బెర్రీ పై వాడేవాళ్లకి ఇది బాగా తెలుసు. సప్లై 4.63 వోల్టుల కిందికి పోగానే ఆ బోర్డు వార్నింగ్ ఇస్తుంది. ఫోన్ అలాంటి వార్నింగ్ ఇవ్వదు, నిశ్శబ్దంగా కరెంట్ తగ్గించుకుంటుంది.

ఒక జాగ్రత్త. ఇవన్నీ బయట వైపు కొలతలే. 230 వోల్టుల అడాప్టర్‌ని విప్పి లోపల కొలవకండి. లోపల పెద్ద కెపాసిటర్ మీద సుమారు 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ తీసేసిన తర్వాత కూడా కాసేపు నిలిచి ఉండొచ్చు. మీటర్ రెడ్ వైరు యాంపియర్ సాకెట్‌లో పెట్టి వోల్టేజ్ చూడకండి. అది నేరుగా షార్ట్ సర్క్యూట్.

అడిగి పెంచడం వేరు

వోల్టేజ్ పెంచడమే తప్పైతే మన ఫాస్ట్ ఛార్జింగ్ మొత్తం తప్పే అవ్వాలి. కానీ యూఎస్‌బీ పవర్ డెలివరీ ఎలా పనిచేస్తుందో చూడండి. ఛార్జర్ 5 వోల్టుల దగ్గరే మొదలవుతుంది. "నా దగ్గర 9, 15, 20 ఉన్నాయి" అని చెబుతుంది. ఫోన్ తనకి ఏది కావాలో అడుగుతుంది. అడిగాకే ఛార్జర్ పెంచుతుంది. 3 యాంపియర్లు దాటాలంటే కేబుల్‌లో ఉన్న చిన్న చిప్ కూడా "నేను 5 యాంపియర్లు మోయగలను" అని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే 3 దగ్గరే ఆగిపోతుంది.

అంటే ఇక్కడ పెంచేవాడికి, తీసుకునేవాడికి, మధ్యలో మోసేవాడికి ముగ్గురికీ నిజం తెలుసు. అందుకే 100 వాట్ల ఛార్జర్‌కి చిన్న ఇయర్‌బడ్స్ కేస్ పెట్టినా ఏమీ కాదు. భద్రత వస్తోంది నిజమైన సమాచారం వల్ల. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, కారులో మళ్లీ కావాలి.

రెగ్యులేటర్ దాచేసే లోపం

పవర్ బ్యాంక్‌లో ఉండేది 3.7 వోల్టుల సెల్. బయటికి ఇచ్చేది 5 వోల్టులు. మధ్యలో బూస్ట్ కన్వర్టర్ ఉంటుంది. సెల్ వోల్టేజ్ తగ్గేకొద్దీ అది ఊరుకోదు, అదే 5 వోల్టులు ఇవ్వడానికి సెల్ నుంచి ఇంకా ఎక్కువ కరెంట్ లాగుతుంది. బయట అంకె మారదు. లోపల సెల్ మాత్రం వేడెక్కుతూ, ఇంకా కుంగుతూ ఉంటుంది. ఒక పాయింట్ దాటాక ఒక్కసారిగా ఆగిపోతుంది.

టర్బో ఇంజిన్ కూడా అచ్చం ఇలాంటిదే. ఈసీయూ దగ్గర ఒక బూస్ట్ టార్గెట్ ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, ఇంటర్‌కూలర్ పైపు దగ్గర చిన్న లీక్ ఉన్నా, ఈసీయూ వేస్ట్‌గేట్‌ని ఇంకాస్త మూసి టర్బోని ఇంకా వేగంగా తిప్పుతుంది. టార్గెట్ అందుతూనే ఉంటుంది. డ్రైవర్‌కి ఏమీ తెలియదు. తగ్గిపోయేది మార్జిన్ ఒక్కటే. అలాంటి ఇంజిన్ మీద ఇంకో 0.3 బార్ పెంచితే, పెంచింది పవర్‌ని కాదు, అప్పటికే అలిసిపోయిన టర్బో మీద భారాన్ని.

మా బావ కారులో జరిగింది ఇదే. రెండేళ్ల టర్బో పెట్రోల్. "పికప్ పోయిందిరా, బాక్స్ పెట్టించేద్దామా" అన్నాడు. "బావా, ముందు ఒక్కసారి డాంగిల్ పెట్టి చూద్దాం" అన్నాను. పీ0299 అని పెండింగ్ కోడ్ కనిపించింది. కావాల్సినంత బూస్ట్ రావట్లేదని దానర్థం. ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే పైపు క్లాంప్ వదులైంది, చుట్టూ సన్నగా ఆయిల్ మరక. స్క్రూ డ్రైవర్‌తో రెండు నిమిషాల పని. "ఇంతేనా? నేను 12 వేలు రెడీ చేసుకున్నా కదరా!" అన్నాడు బావ. బాక్స్ పెట్టి ఉంటే ఆ లీక్ అలాగే ఉండేది, టర్బో మాత్రం ఇంకా గట్టిగా తిరిగేది.

5 వోల్టుల మీద నిలబడ్డ బూస్ట్

చాలామంది బూస్ట్ అంటే మెకానికల్ విషయం, వోల్టేజ్ అంటే ఎలక్ట్రానిక్స్ విషయం అనుకుంటారు. నిజానికి ఈసీయూకి గాలి ఒత్తిడి నేరుగా తెలియదు. తెలిసేది ఒక వోల్టేజ్ మాత్రమే. మ్యాప్ సెన్సర్‌కి ఈసీయూ 5 వోల్టులు ఇస్తుంది. ఒత్తిడిని బట్టి సెన్సర్ అందులో కొంత భాగం తిరిగి పంపుతుంది.

లెక్క కోసం ఒక సెన్సర్ తీసుకుందాం. 0.5 వోల్టుకి 50 కిలోపాస్కల్, 4.5 వోల్టులకి 250 కిలోపాస్కల్. అంటే ఒక వోల్టుకి 50 కిలోపాస్కల్. ఇంజిన్‌లో నిజంగా 225 ఉంటే 4.0 వోల్టులు రావాలి. వైరు కనెక్టర్‌లో తుప్పు పట్టి సెన్సర్ దగ్గరికి 5 బదులు 4.8 మాత్రమే చేరిందనుకోండి. అప్పుడు తిరిగొచ్చేది 3.84 వోల్టులు. ఈసీయూకి కనిపించేది 217. నిజం కంటే 8 కిలోపాస్కల్ తక్కువ. "ఇంకా తక్కువే ఉంది" అనుకుని ఈసీయూ ఇంకొంచెం పెంచుతుంది. 0.2 వోల్టు తేడాకి మీకు తెలియకుండానే 0.08 బార్ ఎక్స్‌ట్రా బూస్ట్.

దీన్ని ఇంట్లోనే చెక్ చేయొచ్చు. ఇగ్నిషన్ ఆన్ చేయండి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. డాంగిల్ యాప్‌లో మ్యాప్ రీడింగ్ చూడండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు అది బయట గాలి ఒత్తిడినే చూపించాలి. విశాఖలో బీచ్ రోడ్ దగ్గర 100, 101 ఉండాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ 95 దగ్గర ఉండాలి. బెంగళూరులో ఉన్నవాళ్లకి 91 దగ్గర. వాతావరణాన్ని బట్టి ఒకటి అటూ ఇటూ అవుతుంది. అంతకంటే ఎక్కువ తేడా ఉంటే ట్యూనింగ్ మాట పక్కన పెట్టి సెన్సర్, వైరింగ్, ఎర్త్ చూపించండి.

ఇంకో రెండు చోట్ల కూడా వోల్టేజ్ బూస్ట్‌ని నిర్ణయిస్తుంది. మొదటిది స్పార్క్. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్ గ్యాప్‌లో నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. ప్లగ్ అరిగి గ్యాప్ పెరిగితే మామూలుగా నడిపేటప్పుడు తెలియదు, గట్టిగా తొక్కినప్పుడే ఇంజిన్ కుదుపుతుంది. జనం టర్బో పోయిందనుకుంటారు. రెండోది ఫ్యూయల్ పంపు. పంపు దగ్గర వోల్టేజ్ తగ్గితే అది పంపే పెట్రోల్ కూడా తగ్గుతుంది. గాలి పెరిగి, పెట్రోల్ తగ్గితే ఏమవుతుందో తర్వాత చెబుతా.

బాక్స్ చేసే పని ఏమిటి

ఇప్పుడు ట్యూనింగ్ బాక్స్ సంగతి. పెట్రోల్ కార్లలో చాలా బాక్సులు బూస్ట్ ప్రెషర్ సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్య కూర్చుంటాయి. డీజిల్‌లో ఎక్కువగా రైల్ ప్రెషర్ సెన్సర్ దగ్గర. సెన్సర్ 4.0 వోల్టులు పంపితే బాక్స్ దాన్ని 3.7కో 3.6కో తగ్గించి ఈసీయూకి ఇస్తుంది. ఈసీయూ నమ్మి పెంచుతుంది.

పైన చెప్పిన తుప్పు పట్టిన కనెక్టర్ గుర్తుందా? అది చేసే పనీ, ఈ బాక్స్ చేసే పనీ ఒక్కటే. ఒకటి ఫ్రీగా వచ్చే లోపం, ఇంకోటి డబ్బులిచ్చి కొనుక్కునే లోపం.

ఫాస్ట్ ఛార్జర్‌తో పోల్చి చూడండి. అక్కడ అందరికీ నిజం తెలిశాక పెంచుతున్నారు. ఇక్కడ కాపలా ఉన్నవాడి కళ్లకి గంతలు కట్టి పెంచుతున్నారు. ఓవర్‌బూస్ట్ అయితే ఇంజిన్‌ని కాపాడే లిమిట్ కూడా అదే సెన్సర్ అంకె మీద ఆధారపడుతుంది. ఆ అంకె అబద్ధమైతే లిమిట్ కూడా ఆలస్యంగానే పనిచేస్తుంది.

"కంపెనీలు కావాలనే పవర్ తగ్గించి అమ్ముతాయి కదా, ఒకే ఇంజిన్‌ని రెండు కార్లలో రెండు పవర్లతో ఇస్తున్నారు కదా" అని అడుగుతారు. నిజమే, మార్జిన్ ఉంటుంది. కానీ ఆ మార్జిన్ ఖాళీగా పడి లేదు. ఏప్రిల్ మధ్యాహ్నం రామగుండం ఎండకి, ఏసీ ఫుల్‌లో ఐదుగురితో శ్రీశైలం ఘాట్ ఎక్కడానికి, సర్వీస్ ఆలస్యమైన ఫిల్టర్‌కి, ఏ బంకులో పడితే అక్కడ కొట్టించే పెట్రోల్‌కి అది కేటాయించి ఉంది. పైగా పవర్ ఎక్కువున్న వేరియంట్‌లో టర్బో, ఇంటర్‌కూలర్, క్లచ్ లాంటివి కూడా వేరుగా ఉండొచ్చు. బయటికి ఇంజిన్ పేరు ఒకటే.

వేడి లెక్క

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినవాళ్లకి ఇది చేతికే తెలుసు. బయట 40 డిగ్రీలు, కంప్రెసర్ ఎఫిషియెన్సీ 70 శాతం అనుకుని లెక్కేద్దాం. 0.6 బార్ బూస్ట్‌కి టర్బో నుంచి బయటికొచ్చే గాలి సుమారు 104 డిగ్రీలు. 1.0 బార్‌కి పెంచితే సుమారు 138. కేవలం 0.4 బార్‌కి 34 డిగ్రీలు ఎక్కువ. ఈ అదనపు వేడినంతా పాత ఇంటర్‌కూలరే మోయాలి.

మోయలేకపోతే ఆ వేడి గాలి సిలిండర్‌లోకి వెళ్తుంది. మంట అంచు చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలుతుంది. అదే నాకింగ్. దానికి తోడు పంపు వోల్టేజ్ తగ్గి పెట్రోల్ కూడా తగ్గితే, వేడి ఇంకా పెరుగుతుంది. నాక్ సెన్సర్ విని ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగుతుంది, కొన్నంత పవర్‌లో కొంత అక్కడే పోతుంది. లాగడానికి ఇక చోటు లేకపోతే పిస్టన్ అంచులు, రింగుల మధ్య భాగం పగులుతాయి. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో ఇంకో ప్రమాదం ఉంది. తక్కువ ఆర్‌పీఎంలో, పై గేర్‌లో గట్టిగా తొక్కినప్పుడు స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకోవచ్చు. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ ఆయిల్ గ్రేడ్ దీన్ని దృష్టిలో పెట్టుకుని తెచ్చినదే.

ఇంజిన్ విప్పితే వచ్చే బిల్లు ముందు బాక్స్ ధర చిల్లర.

అయినా పెంచాలనుకుంటే

సరే, కొందరికి కచ్చితంగా కావాలి. నాకు అర్థమవుతుంది, ఫోన్‌లో కస్టమ్ రామ్ వేసిన తరం మనది. అయితే ఈ వరుస తప్పొద్దు.

ఒకటి, బ్యాటరీ. రాత్రంతా ఆగిన కారులో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. స్టార్ట్ చేసే క్షణంలో 10కి బాగా కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.4. స్మార్ట్ ఛార్జింగ్ ఉన్న కొత్త కార్లలో ఇది మారుతూ ఉంటుంది, కంగారు పడకండి.

రెండు, ఎర్త్. ఇంజిన్ నడుస్తూ, హెడ్‌లైట్లు, ఏసీ ఆన్‌లో ఉండగా మీటర్ ఒక వైరు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ లోహం మీద పెట్టండి. 0.1 వోల్టు లోపు ఉంటే మంచిది. 0.2 దాటితే ఎర్త్ స్ట్రాప్ శుభ్రం చేయించండి. ఫ్యాన్, బెల్ట్ దగ్గర చున్నీ, ఐడీ కార్డు తాడు వేలాడకుండా చూసుకోండి. ఇగ్నిషన్ కాయిల్స్ ముట్టుకోకండి, వాటిలో వేల వోల్టులు. హైబ్రిడ్ అయితే నారింజ రంగు వైర్ల జోలికే వెళ్లొద్దు.

మూడు, కోడ్‌లు, మ్యాప్ రీడింగ్. పీ0299, పీ0234, పీ0562, పీ0641 లాంటివి ఏవైనా ఉంటే అవి పోయాకే తర్వాతి మాట. వీటిలో మొదటి రెండు బూస్ట్‌వి, చివరి రెండు వోల్టేజ్‌వి. కోడ్ చెరిపేయడం రిపేర్ కాదు.

నాలుగు, లీక్ టెస్ట్, కొత్త ప్లగ్‌లు, ఫిల్టర్, సరైన ఆయిల్. బూస్ట్ పెంచితే ప్లగ్ గ్యాప్ కొంచెం తగ్గించాల్సి రావచ్చు, అది ట్యూనర్ చెప్పాలి.

ఐదు, బాక్స్ కాదు, డైనో మీద రీమ్యాప్. అక్కడ ఈసీయూకి అబద్ధం చెప్పరు. టార్గెట్, ఫ్యూయల్, టైమింగ్, లిమిట్ అన్నీ కలిపి మారుస్తారు. వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో మిశ్రమం చూస్తూ, 0.1 బార్ చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టులో టైమింగ్ ఎంత వెనక్కి పోతోందో, గాలి వేడి ఎంతుందో లాగ్ చేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి. లాగ్ ఫైల్ చేతికివ్వని ట్యూనర్ నాకైతే వద్దు. ఏ ఆక్టేన్ పెట్రోల్ మీద ట్యూన్ చేశారో అదే ఎప్పుడూ కొట్టించాలి.

ఆరు, కాగితాలు. వారంటీ పోయే అవకాశం ఎక్కువ. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పులు చేస్తే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు.

ఈ ఆరింటిలో మొదటి నాలుగు చేశాక చాలామందికి ఐదోది అక్కర్లేదనిపిస్తుందని నా నమ్మకం. ఎందుకంటే పోయిన పికప్ అక్కడే దొరికేస్తుంది.

మన రివ్యూల సంగతి కూడా

చివరగా, గ్యాడ్జెట్ రివ్యూలు రాసేవాళ్లం కూడా కొంచెం మారాలి. ఛార్జర్ డబ్బా మీద ఉన్న వాట్లనే మళ్లీ రాస్తే అది రివ్యూ కాదు, డబ్బా చదవడం. ఫుల్ లోడ్ మీద అరగంట తర్వాత వోల్టేజ్ ఎంత, కేబుల్ చివర ఎంత, ఎంత వేడెక్కింది, ఈ మూడు అంకెలు ఉండాలి. ఓబీడీ డాంగిల్ రివ్యూ అయితే, అది చూపించే బ్యాటరీ వోల్టేజ్‌ని మల్టీమీటర్‌తో పోల్చి ఎంత తేడా ఉందో రాయాలి. ట్యూనింగ్ బాక్స్‌ని మాత్రం "పికప్ అదిరింది బ్రో" అని కెమెరా ముందు చెప్పి ఊరుకోకూడదు. ముందూ తర్వాతా లాగ్ చూపించలేకపోతే ఆ వీడియో యాడ్ కింద లెక్క.

చదివేవాళ్లు కూడా కామెంట్లలో ఇదే అడగండి: "లోడ్ మీద ఎంత?" ఛార్జర్‌కైనా, టర్బోకైనా అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే. దానికి జవాబు లేనివాడి దగ్గర ఏ బూస్టూ కొనొద్దు.